పేరు రాసిన ఓటు

"ఓటు మీద పేరు రాస్తరా ఎవరన్నా? బుర్ర ఉందా నీకు?"

కాలేజీ గేటు దగ్గర లిడియా నిలదీస్తుంటే తిమోతి తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. కరీంనగర్‌లో పొలిటికల్ సైన్స్ చదివే వాళ్ల క్లాసులో నలభై ముగ్గురున్నారు. అంతటి అమాయకుడు మాత్రం ఇతనొక్కడే.

సంగతేమిటంటే, ఎన్నికల పాఠం బుర్రకెక్కాలని లక్ష్మీరాజం సారు క్లాసులోనే ఎన్నిక పెట్టారు. బ్యాలెట్ చీటీలు, అట్టపెట్టె, వేలికి సిరా, అన్నీ పద్ధతి ప్రకారమే. క్లాసు లీడరు పదవికి లిడియా, మహెక్ పోటీ. హుజూరాబాద్ నుంచి బస్సులో వచ్చేవాళ్ల కోసం మొదటి క్లాసు అరగంట ఆలస్యంగా పెట్టిస్తానని లిడియా వారం రోజులు గొంతు పోయేలా ప్రచారం చేసింది.

లెక్కపెడితే ఇద్దరికీ ఇరవై ఒక్కేసి ఓట్లు. మిగిలిన ఒక్క చీటీలో లిడియా పేరు పక్కన గుర్తుంది. దాని కింద గుండ్రటి అక్షరాలతో, "లిడియా గెలవాలె. ఇట్లు, తిమోతి."

"ఓటరెవరో తెలిసిపోయింది. ఈ ఓటు చెల్లదు," అని సారు ఆ చీటీని అభ్యర్థులిద్దరికీ చూపించారు. ఓట్లు సమానమయ్యాయి కాబట్టి లాటరీ తీశారు. మహెక్ పేరొచ్చింది.

"రహస్య ఓటంటే ఏందో మొన్న గంటసేపు చెప్పిన గదా!" గేటు దగ్గర లిడియా ఇంకా వదల్లేదు.

"చెప్పినవ్. చీటీ చేతికి రాంగనే పాత అలవాటొచ్చింది. మన చర్చిల ప్రార్థన చీటీ మీద పేరు లేకుంటే పాస్టరయ్య చదవడు గదా."

లిడియాకు నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. "అలవాటేనా? ఇంకేం లేదా?"

తిమోతి తలెత్తాడు. "ఎవలకు ఏసినమో ఎవలకూ తెల్వొద్దనే రహస్య ఓటు. నాకేమో... నీకు తెల్వాలనిపించింది."

ఆమె గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. నాలుగు రోజులు ఫోనెత్తలేదు. తిమోతికి అన్నం సహించలేదు. చివరికి మహెక్కే జాలిపడింది.

"ఫికర్ చెయ్యకు. క్లాసు టైం నేను మార్పిస్త. గామెను మాత్రం నువ్వే చూస్కో."

ఆదివారం చర్చిలో తిమోతి చివరి వరుసలో కూర్చున్నాడు. పాస్టరయ్య పెట్టెలోంచి చీటీలు తీసి చదువుతున్నారు. "మోకాళ్ల నొప్పులు తగ్గాలె. ఇట్లు, దేవవ్వ." అందరూ "ఆమెన్" అన్నారు.

తర్వాతి చీటీ తీసి ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "తిమోతి పొలిటికల్ సైన్స్ పరీక్ష పాసవ్వాలె. పాఠం మళ్ల నేనే చెప్త, బతుకంతా చెప్పుమన్నా చెప్త. ఇట్లు, లిడియా."

ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. అందరి చూపులూ లిడియా వాళ్ల అమ్మ ప్రేమమ్మ మీదికే తిరిగాయి. లిడియా తల దించుకుంది కానీ, వెనక్కి తగ్గలేదు.

ప్రేమమ్మ పక్కనున్న కూతుర్ని చూసింది. వెనక్కి తిరిగి తిమోతిని చాలాసేపు చూసింది. తర్వాత కొంగు సర్దుకుని, అందరికీ వినబడేలా, "ఆమెన్" అంది.