మోతీ, మీ అక్కకు చెప్పు

"మోతీ, మీ అక్కకు చెప్పు. గ్యాస్ అయిపోవస్తున్నది, బుక్ చెయ్యాలె."

శ్యామ్‌సుందర్ పేపరు దించకుండానే అన్నాడు. వంటింట్లోంచి హాసిని జవాబు వెంటనే వచ్చింది.

"మోతీ, సారుకు చెప్పు. నిన్న పొద్దుగాలనే బుక్ చేసిన."

ఇద్దరి మధ్యా హాల్లో పడుకున్న మోతీ తల తిప్పలేదు. చిన్నప్పుడైతే తిప్పేవాడు. ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి తోక ఊపుకుంటూ పరిగెత్తేవాడు. పరిగెత్తాక తనతో పనేమీ లేదని తెలిసి, వెనక్కి వచ్చి హాలు మధ్యలో కూర్చునేవాడు. ఇప్పుడు సోఫా కాలును కసిగా కొరుకుతున్నాడు.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో ఉన్న ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్ళు నేరుగా మాట్లాడుకుని తొమ్మిది నెలలైంది. కిందటి మే నెలలో హాసిని పుణెలో ఎమ్మెస్సీ ఆఖరి పరీక్షలు రాస్తుంటే, ఇక్కడ ఆమె తల్లికి జబ్బు ముదిరింది. ఇంకా రెండు పరీక్షలున్నాయి కదా అని శ్యామ్‌సుందర్ కబురు చెయ్యలేదు. కూతురు ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మ నిద్రపోతున్నది" అన్నాడు. హాసిని వచ్చేసరికి తల్లి నిజంగానే నిద్రపోయింది, ఇక లేవని నిద్ర. కర్మకాండలు అయిపోయిన రోజు నుంచి హాసిని తండ్రిని నాన్నా అని పిలవలేదు.

ఇల్లు బోసిపోయిందని, శ్యామ్‌సుందర్‌తో పోస్టాఫీసులో పనిచేసిన శ్రీపతి రెండు నెలల కుక్కపిల్లను తెచ్చిచ్చాడు. పేరు శ్యామ్‌సుందర్ తల్లి జయమ్మ పెట్టింది. "మా అవ్వగారింట్ల కుక్కలన్నీ మోతీలే" అందామె. మోతీ వచ్చాక ఆ ఇంట్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. కాకపోతే అన్నీ మోతీకే. కరెంటు బిల్లు మోతీకి చెప్పేవారు, కూరలో ఉప్పు ఎక్కువైందని మోతీకి చెప్పేవారు, పాత కోపాలన్నీ వాడికే చెప్పేవారు. పాపం, ఆ పసిప్రాణం ఎవరికేం చెయ్యగలదు!

పది నెలలు నిండేసరికి మోతీ మారిపోయాడు. నేర్పిందంతా మరిచాడు. కూర్చో అంటే లేచి నిలబడతాడు. జయమ్మ పారాయణం పుస్తకం చింపాడు, మూడు జతల చెప్పులు నమిలాడు. గొలుసు పట్టుకుంటే మనిషినే ఈడ్చుకుపోతున్నాడు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, పిలిస్తే రావడం లేదు.

ఆ గురువారం పొద్దున శ్యామ్‌సుందర్ పాలప్యాకెట్ కోసం తలుపు తీయగానే మోతీ సందు చూసుకుని మెట్ల మీదుగా దూకాడు. పూలు కొనుక్కుని పైకి వస్తున్న జయమ్మను తోసుకుంటూ పోయాడు. ఆమె నాలుగు మెట్లు జారి, చేతి మీద పడింది.

"మోతీ! మోతీ!" హాసిని బాల్కనీలోంచి గొంతు చించుకుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ రోజులు కావడంతో రోడ్డంతా బండ్లే. పేరు వినపడిన కొద్దీ మోతీ ఇంకా దూరం పరిగెత్తాడు. ఆటో ఒకటి కీచుమని ఆగింది, వాడికీ చక్రానికీ జానెడు దూరం. పూలమ్మే ఆమె మెడపట్టీ పట్టుకుని ఆపకపోతే ఏమయ్యేదో!

సాయంత్రానికి జయమ్మ చేతికి కట్టుతో దవాఖాన నుంచి వచ్చింది. ఎముక విరగలేదు, అదే పదివేలు. శ్యామ్‌సుందర్ హాలు మధ్యలో నిలబడ్డాడు.

"మోతీ, ఆదివారం శ్రీపతి అంకుల్ వచ్చి నిన్ను తీస్కపోతడు. బేగం బజార్‌ల వాళ్ళ తమ్ముని గోదాము ఉన్నది, గాడనే కట్టేస్తరు. మీ అక్కకు చెప్పు."

హాసిని చేతిలో గిన్నె కిందపెట్టింది. తల్లి పోయాక తన పక్కలో తలపెట్టి పడుకున్న ప్రాణి వాడొక్కడే.

"మోతీ, సారుకు చెప్పు. గీ ఇంట్ల ఎవరు ఉండాలె, ఎవరు పోవాలె, ఎవరికి చెప్పాలె, ఎవరికి దాచాలె, అన్నీ ఒక్కరే అనుకుంటరు. ముప్పై నాలుగేండ్లు ఊరందరి ఉత్తరాలు అందించిన మనిషి, సొంత బిడ్డకు ఒక్క కబురు ఇయ్యలేకపోయిండు!"

శ్యామ్‌సుందర్ మొహం పాలిపోయింది. మోతీ లేచి మంచం కిందికి దూరాడు.

"చాలు!" అంది జయమ్మ. "రేపు ఇద్దరూ కలిసి దాన్ని డాక్టర్ తాన తీస్కపోండ్రి. దానికేమన్న రోగమున్నదేమో చూడకుండనే గోదాముల పడేస్తరా? గా బలానికి ఒక్కరు పట్టుకుంటే ఆగుతదా? ఇద్దరూ పోవాలె."

కట్టు కట్టిన చేత్తో అడుగుతుంటే ఎవరూ కాదనలేకపోయారు.

అబిడ్స్‌లో ఓ మేడమీద పశువుల డాక్టర్ వసుమతి క్లినిక్. ఆమె మోతీ పళ్ళు, చెవులు, కీళ్ళు అన్నీ చూసింది.

"జబ్బేం లేదు సార్. మనుషులకు మీసాలు మొలిచే వయసు లాంటిది ఇది. ఏడాదిన్నర దాకా కొంచెం గిట్లనే ఉంటడు. కొట్టకుండ్రి. రెండు పూటలా బాగ నడిపించుండ్రి, నమలనీకె ఏదన్న ఇయ్యుండ్రి, నేర్పిందే మళ్ళ ఓపికగ నేర్పుండ్రి. ఏదీ, ఒక్కసారి పిలవండి."

"మోతీ" అన్నాడు శ్యామ్‌సుందర్. మోతీ చెవులు వెనక్కి వాల్చి, మూతి నాక్కుని, గోడ వైపు తిరిగాడు. హాసిని ఎంతో మెత్తగా పిలిచింది. వాడు ఇంకా ముడుచుకున్నాడు. డాక్టర్ మాట్లాడకుండా బిస్కెట్ ప్యాకెట్‌ను గలగలలాడించింది. వాడు చటుక్కున తిరిగాడు.

"వినపడుతుంది. పేరంటేనే భయపడుతుండు. ఇంట్ల వీని పేరు ఎప్పుడు పిలుస్తరు?"

హాసిని నేల చూసింది. జవాబు శ్యామ్‌సుందర్ చెప్పాడు.

"అన్నిటికీ మేడమ్. మేమిద్దరం మాట్లాడుకోం. వీనికి చెప్తం."

రాస్తున్న కలం ఆగింది. వసుమతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె మందలించి ఉంటే వాళ్ళకు కొంత తేలికయ్యేది.

"అంటే కోపం మీ ఇద్దరిది, పేరు వీనిది. పిలిచినప్పుడల్లా గొంతులు లేస్తుంటే, పేరు వినంగనే పారిపోవాలనే అనుకుంటడు. పది రోజులు అన్నం పెట్టేటప్పుడు, నిమిరేటప్పుడు తప్ప వీని పేరు మీ నోట్లెకెళ్ళి రావొద్దు. ఇదొక్కటి చేసి చూడండి."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరి మధ్యా మోతీ కూర్చున్నాడు.

శుక్రవారం సాయంత్రం నుంచి ఆ ఇంట్లో మాట ఆగిపోయింది. శ్యామ్‌సుందర్ కళ్ళజోడు ఎక్కడుందో అడగబోయి "మో" దగ్గర ఆగిపోయాడు. అన్నం వడ్డించానని చెప్పబోయి హాసిని కూడా అలాగే ఆగింది. కంచం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. కుక్క పేరు తీసేస్తే తమ దగ్గర ఒకరికొకరు చెప్పుకునే మాట ఒక్కటీ మిగల్లేదని ఇద్దరికీ అప్పుడే తెలిసింది. సిగ్గేసింది కూడా.

"చెయ్యి నొప్పైన ఓర్చుకుంట గని, సప్పుడు లేని ఇంట్ల ఉండలేనురా శ్యామ్" అంది జయమ్మ శనివారం మధ్యాహ్నం. ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే కొడుకు చూడలేక లేచిపోయాడు.

ఆదివారం పదింటికి శ్రీపతి కొత్త గొలుసు చేత్తో పట్టుకుని వచ్చాడు. హాసిని తన గదిలో నేల మీద కూర్చుని మోతీ మెడ చుట్టూ చేతులు వేసుకుంది. శ్యామ్‌సుందర్ ఆ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో!

"హాసినీ."

ఆమె ఉలిక్కిపడి తలెత్తింది. ఆ గొంతులో తన పేరు విని తొమ్మిది నెలలైంది.

"ఒక మాట చెప్పాలె బిడ్డా. అది కుక్కకు చెప్పే మాట గాదు, గందుకే ఇన్ని రోజులు చెప్పలే." అతని చెయ్యి గుమ్మాన్ని పట్టుకుంది. "మీ అమ్మ నీకోసం రెండుసార్లు అడిగింది. పిలిపియ్యి అన్నది. రెండ్రోజులే గదా, పరీక్షలైనంక వస్తది అన్న. ఉంటదనే అనుకున్న. తప్పు చేసిన. నీకు, మీ అమ్మకు, ఇద్దరికీ తప్పు చేసిన."

ఏనాడూ ఎవరి ముందూ కంటతడి పెట్టని మనిషి గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

హాసిని మోతీ మెడ మీంచి చేతులు తీసింది.

"నాకు తెలుసు నాన్నా. అమ్మ అడిగే ఉంటదని నాకు తెలుసు. నీతోని మాట్లాడితే గా మాట చెప్తవని భయం. విననీకె ధైర్యం లేక నీ మీద కోపం పెట్టుకున్న."

ఆమె మోకాళ్ళ మీదే జరిగి వచ్చి తండ్రి భుజం మీద తల ఆన్చింది. లోపల జయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఈ లోపల మోతీ తన పని తాను చూసుకున్నాడు. బయటికి వెళ్ళి శ్రీపతి విప్పిన చెప్పుల్లో ఒకదాన్ని సగం నమిలేశాడు. "అరె, నా చెప్పు!" అని శ్రీపతి కేక పెట్టాడు. హాసిని కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, అరవబోయి, ఆగి, బిస్కెట్ చూపించి చెప్పు విడిపించింది.

"శ్రీపతీ, ఏమనుకోకు. వీడు గీడనే ఉంటడు" అన్నాడు శ్యామ్‌సుందర్. "ఓపిక పడితే మారుతడట. నీకు కొత్త చెప్పులు కొనిస్త."

శ్రీపతి అందరి మొహాలూ చూసి, గొలుసు మెల్లగా సంచీలో పెట్టుకున్నాడు. జయమ్మ చాయ్ తాగిపొమ్మంది.

హాసిని వంటింట్లోకి వెళ్ళింది. పాలు పొంగే చప్పుడు మధ్య ఆమె గొంతు వినిపించింది.

"నాన్నా, నీకు చక్కెర వెయ్యాల్నా?"

హాల్లో మోతీ అలవాటుగా ఒళ్ళు బిగించి, చెవులు వెనక్కి వాల్చాడు. కాసేపు అలాగే ఉన్నాడు.

"సగం చెంచా చాలు బిడ్డా" అన్నాడు శ్యామ్‌సుందర్.

తనను ఎవరూ పిలవలేదు. మోతీ ఇంకాసేపు చూశాడు, ఎవరూ పిలవలేదు. వాడు శ్యామ్‌సుందర్ పాదం మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.