వెచ్చగా ఉంచవలసిన సీసా

ఆ ఫ్యాక్టరీలో విరిగిన పాలు, చేపల తలలు, మాంసం కొట్ల తుక్కు పెద్ద ట్యాంకులో పోసి, గాలి చొరకుండా మూత బిగిస్తారు. లోపల కంటికి కనబడని సూక్ష్మజీవులు వాటిని తిని ఆమ్లాలుగా మారుస్తాయి. రంగులకీ అత్తర్లకీ అవే ముడిసరుకు. కొత్తగా వచ్చినవాళ్లు వేళ్లతో ముక్కు నొక్కుకుని, "ఇంత కంపులోంచి అత్తరా!" అని నవ్వుతారు. ట్యాంకు చూసుకునే ఆమెకి మాత్రం ఆ కంపు ఒంటికి పట్టిపోయింది. "కళ్లు మూసుకున్నా నువ్వొచ్చావని తెలుస్తుందమ్మా" అంటుంది కూతురు పిచ్చుక. ఐదేళ్లది. నోరు మూతపడదు కనుక ఆ పేరు.

గాలివానకి కరెంటు పోయి ట్యాంకు చల్లారి చచ్చింది. మిగిలింది ఆ సూక్ష్మజీవులు బతికున్న ఒక్క సీసా తోడు. దాన్ని పోస్తేనే ట్యాంకు మళ్లీ పుంజుకుంటుంది.

"ఇది మనిషి ఒంటి వేడి కంటే చల్లారకూడదమ్మా," అన్నాడు సూపర్‌వైజర్, సీసా ఆమె చేతిలో పెడుతూ. "జనరేటర్ వచ్చేదాకా ఇంట్లో కాపాడు. ఇదీ పోతే ఫ్యాక్టరీకి తాళమే. మన నోట్లో మట్టే."

సీసా మూతలోంచి సన్నటి గొట్టం, దాని కొస నీళ్ల గ్లాసులో. లోపలి వాయువు బుడగలై బయటికి పోతుంది. బుడుక్... బుడుక్...

ఇంటికి చేరేసరికి పక్కింటి పిన్ని గుమ్మంలోనే ఉంది. "పిల్లకి జ్వరం పెరిగింది. నువ్వు పోస్తే తప్ప మందు మింగదట. ముందు ఆ కంపు కడుక్కో తల్లీ!" అని వెళ్లిపోయింది.

పొయ్యి వెలిగిద్దామంటే గ్యాస్ నిండుకుంది. తన ఒళ్లు వానలో తడిసి మంచుగడ్డయింది. బుడగలు నెమ్మదించాయి. ఆ ఇంట్లో వేడిగా ఉన్నదల్లా పిచ్చుక ఒళ్లే.

"ఒక్క గంట..." అని గొణుక్కుంటూ గ్లాసుని మంచం పక్కన పెట్టి, సీసాని దుప్పట్లోకి, పిల్ల పొట్ట పక్కకి దోపింది.

మందు చెంచాలో పోసింది. పిల్ల నోటిదాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. జ్వరం దిగితే... మందు తిరిగి బుడ్డిలోకి ఒంపేసింది. తల్లివేనా నువ్వు? ఉద్యోగం పోతే దీనికి అన్నం ఎవరు పెడతారు? అడిగిందీ తనే, జవాబు చెప్పుకున్నదీ తనే.

గదిలో వెలుగు మసకబారింది. కుళ్లిన వెన్న వాసన దుప్పటి మడతల్లోంచి మెల్లగా పాకింది.

"అమ్మా... వాళ్లకి చలేస్తోందట."

"ఎవరికే?"

"సీసాలో వాళ్లకి. ఇంకా దగ్గరికి రమ్మంటున్నారు."

"జ్వరం కదూ, అలాగే అనిపిస్తుంది. పడుకో నాన్నా."

అప్పుడు గమనించింది. పిల్ల ఊపిరి పీలిస్తే గ్లాసులో నీళ్లు గొట్టంలోకి పాకుతున్నాయి. వదిలితే... బుడుక్.

నుదురు తాకింది. రాయిలా చల్లగా ఉంది. సీసా తాకింది. కాలిపోతోంది.

గబుక్కున సీసాని దూరంగా లాగింది. పిల్ల ఊపిరి ఆగింది. మళ్లీ పక్కన పెట్టింది. బుడుక్... ఊపిరి వచ్చింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఫ్యాక్టరీ వ్యాన్ డ్రైవర్. "అక్కా, జనరేటరొచ్చింది! ఏదీ సీసా?"

"తీసుకెళ్లకు తమ్ముడూ... నా పిల్ల..."

పిచ్చుక లేచి కూర్చుంది. తనే దుప్పటి తొలగించి, రెండు చేతులతో సీసా అందించింది. "తీసుకెళ్లనీ," అంది. సీసా గడప దాటింది. పిల్ల ఊపిరి ఆగలేదు. నుదురు మళ్లీ వెచ్చబడింది. తల్లి దాన్ని ఒళ్లోకి లాక్కుని బావురుమంది.

కాసేపటికి ఫోన్ మోగింది. "పోసేశాం అక్కా! ట్యాంకు లేచి కూర్చుంది. నీ ఉద్యోగానికి ఢోకా లేదు," డ్రైవర్ గొంతు. దాని వెనక పెద్ద పెద్ద బుడగలు. ఆ బుడగల మధ్య, సన్నగా...

"అమ్మా... ఇక్కడంతా చీకటి. అంతా నీ వాసనే. నువ్వెక్కడున్నావ్?"

"తమ్ముడూ... అక్కడ ఎవరది?"

"ఎవరూ లేరక్కా. నేనూ, ట్యాంకూ."

ఆమె ఒళ్లోకి చూసింది. పిల్ల నోరు మూసుకునే ఉంది. తల్లి ముఖంలోకి చూసి, చిన్నగా నవ్వి, రెండు వేళ్లతో ముక్కు నొక్కుకుంది.