అరటినారతో చుట్టిన టవర్

"ఏముంగ, ఈ టవర్‌ని పీకేస్తారా, లేకుంటే నన్నే ఊరు విడిచి పొమ్మంటారా?"

బైక్ దిగీ దిగకముందే ఇదీ స్వాగతం. సూలూరు నుంచి కంబం దాకా వచ్చిన మణికంఠన్ ఇంకా హెల్మెట్ కూడా తీయలేదు.

గాలి వేగం కొలవడానికి అతని కంపెనీ ద్రాక్షతోట పక్కన నిలబెట్టిన సన్నటి టవర్ అది. దాన్ని నాలుగు వైపులా లాగి పట్టుకున్న ఇనుప తీగలు గాలికి అదిరి, పొద్దస్తమానం మూలిగేవి.

తోట దేవిప్రియది, ఆ స్వాగతమూ ఆమెదే. నాయన పోయి ఏడాది. నాలుగింటికి కూలివాళ్ళు వెళ్ళిపోతే ఆ ఇంట్లో ఆమెను పలకరించేవాళ్ళే లేరు.

"గాలి తీగని ఒకే తాళంలో తడతా ఉండాదింగ. తాడు మెలికగా చుడితే ఆ తాళం చెదిరిపోతాది. కొచ్చిలో తెరచాప పడవలకి ఇట్లనే చేస్తా ఉంటిమి," అన్నాడు మణికంఠన్.

"పడవా? ఇక్కడ కాలవలోనే నీళ్ళు లేవు!"

"గాలి ఉండాది కదా!"

ఆమె నవ్వింది. ఎన్నాళ్ళయిందో నవ్వి, తనకే సిగ్గేసింది.

"తాడు తెస్తిరా?"

అతను భుజానికున్న బ్యాగును వెనక్కి జరిపాడు. "మరిచి వస్తిని."

దేవిప్రియ ద్రాక్షతీగలు కట్టే అరటినార తెచ్చిచ్చింది. ఈ ఎండకు అది నెలయినా నిలవదని ఆమెకు తెలుసు. చెప్పలేదు.

అతను నిచ్చెనెక్కి చుట్టాడు. ఆమె కింద నిలబడి నార అందించింది. సాయంత్రానికి మూలుగు ఆగింది, బైక్ వెళ్ళిపోయింది.

ఆ నిశ్శబ్దం ఆమెకు సుఖమివ్వలేదు. తన చెప్పుల చప్పుడు తనకే వినిపించేది. ఒకరోజు పరధ్యానంగా రెండు కప్పుల కాఫీ కలిపి, ఒకటి పారబోసింది. అతను గుర్తొస్తున్నాడు, అంతే. దాచుకోవడానికి ఆ ఇంట్లో ఎవరున్నారు కనుక!

ఇరవై ఆరో రోజు, ఆషాఢంలో హోరున వీచే ఆడిగాలికి నార తెగింది. టవర్ మళ్ళీ మూలిగింది. దేవిప్రియ పరుగున వెళ్ళి ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్. మూడు రోజులూ అంతే. ఆఫీసుకు చేస్తే ఇంకెవరో వస్తారు. అందుకని చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది.

నాలుగో రోజు కారు వచ్చింది. మణికంఠన్ దిగాడు, చేతిలో నైలాన్ తాడు.

"ఫోన్ పోయెనుంగ. మీ నంబరూ దాంతోనే పోయె. గాలి చూస్తే ఆడిగాలి, నార తెగి ఉంటాదని వస్తిని."

"ఇది తెగదా?"

"ఏండ్లకి తెగదు. ఆ రోజే ఇది నా బ్యాగులో ఉండె."

"మరిచి వస్తినంటిరే?"

"నార ఎన్నాళ్ళు నిలుస్తాదో మీకు తెలవదా?"

ఆమె మొహం వెచ్చబడింది. మరుక్షణమే చూపు నైలాన్ తాడు మీదికి మళ్ళింది. "అయితే ఇంక మీకు ఇక్కడ పనే లేదు."

"ఆమా, నిజమేనుంగ, టవర్ పని ముగిసె. అందుకే ఈసారి తోడు పిలుచుకుని వస్తిని." కారు వెనక తలుపు తీశాడు. "అమ్మా, దిగు."

మల్లెపూల పొట్లంతో పొన్నమ్మాళ్ దిగింది. టవర్‌నీ, ఆ పిల్ల చెవుల్లోని దూదినీ మార్చి మార్చి చూసింది.

"ఇన్నాళ్ళు ఈ కూతలో ఒంటిగా ఎట్ట ఉంటివమ్మా?" అని దేవిప్రియ చెయ్యి పట్టుకుని, కొడుకు వైపు తిరిగింది. "నువ్వు పోయి తాడు చుట్టురా. నేను అమ్మాయితో మాట్లాడాల."

దేవిప్రియ లోపలికెళ్ళి మూడు కప్పుల కాఫీ కలిపింది. ఈసారి ఒక్కటీ పారబోయలేదు.