రక్తంలో వచ్చిన రాగి

"ఆ కంచం ముట్టుకోకు నాన్నా! ఇవాళ్టినుంచి నీకు నా చేతి వంటే!"

అత్తగారు రైమొండా కంచం లాగేసుకోగానే బొనారియా చేతిలో గరిటె ఆగిపోయింది. ఎదురుగా భర్త బకీసియో చెంచా పట్టలేక వణుకుతున్నాడు. నిండా ముప్పై ఏళ్లు లేవు! కళ్లు పచ్చబడ్డాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. సార్డీనియా కొండల్లో అంత గొర్రెలమందనూ ఒక్కడే మళ్లించుకొచ్చిన మనిషి...

"ఏం కలుపుతున్నావే వాడి తిండిలో? మీ అమ్మమ్మ ఆకుపసర్ల మనిషని ఊరంతా చెప్పుకుంటోంది!"

"అత్తయ్యా! కట్టుకున్నవాడికి నేను విషం పెడతానా?"

"ఏమో! సముద్రంవైపు ఊళ్లవాళ్లని మా కొండవాళ్లం ఎప్పుడు నమ్మాం గనక?"

బకీసియో తలెత్తి భార్యవైపు చూశాడు. అతని కళ్లలో ఒక్క క్షణం మెదిలిన అనుమానం బొనారియాను నిలువునా చంపేసింది! ఈయన కూడానా...

ఆనాటినుంచి వంటిల్లు అత్తగారిది. రక్తం పడుతుందని గొర్రె కార్జం వేయించి కొడుక్కి కొసరి కొసరి పెట్టింది. కోడలు మంచినీళ్లిచ్చినా ముందు పిల్లి గిన్నెలో పోసేది! అయినా బకీసియో నానాటికీ క్షీణించాడు. పొట్ట ఉబ్బాక కల్యారీ పట్నంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లక తప్పలేదు.

డాక్టరమ్మ అతని కళ్లలోకి దీపం వేసి చూసింది. నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం!

"విషం కాదమ్మా, రాగి. తిండిలో వచ్చే రాగిని ఈయన కాలేయం బయటికి పంపలేదు. పుట్టినప్పట్నుంచీ పేరుకుపోయి, కణాల్లోని డీఎన్ఏని కూడా దెబ్బతీసింది. అమ్మవైపు లోపం, నాన్నవైపు లోపం రెండూ కలిస్తేనే ఈ జబ్బొస్తుంది. కార్జం పెడుతున్నారా? వెంటనే మానేయండి, దాన్నిండా రాగే! తోడబుట్టినవాళ్లకీ పరీక్ష చేయించాలి."

అయినా రైమొండా అనుమానం చావలేదు, దారి మార్చుకుంది. కూతురు ఎఫీజియాకు అప్పుడే పెళ్లి కుదిరింది మరి!

"పిల్ల జోలికి రాకు! ఈ మాట బయటికొస్తే సంబంధం తప్పిపోతుంది. అదేగా నీక్కావాల్సింది?"

బొనారియా మొదటిసారి గొంతెత్తింది. "తప్పితే తప్పనీండి అత్తయ్యా! ముందు పిల్ల దక్కాలి!"

ఆడపడుచు చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

ఎఫీజియాకూ అదే జబ్బు! కానీ ఇంకా ముదరలేదు. రాగిని మూత్రంలోకి లాగేసే మందు జీవితాంతం వాడితే మామూలుగా బతకొచ్చన్నారు. సంబంధం మాత్రం నిజంగానే తప్పిపోయింది. అదే మందుతో బకీసియో కూడా మెల్లగా తేరుకున్నాడు గానీ, చేతుల వణుకు పూర్తిగా పోలేదు.

"నిన్ను... నేనూ అనుమానించాను బొనారియా..." అని ఒకనాడు ఏడ్చాడు. ఆమె అతని చొక్కా గుండీలు పెట్టింది.

ఆ ఆదివారం చర్చి మెట్లమీద కోడలితో నిలబడ్డ రైమొండాను పొరుగావిడ పక్కకు లాగి గుసగుసలాడింది. "ఇంతకీ మీ కోడలు ఏం పెట్టిందో తేలిందా?"

"తేలింది!" రైమొండా గొంతు మెట్లమీద ఉన్న అందరికీ వినపడింది. "పెట్టింది నేనూ, మా ఆయనా! పుట్టకముందే, మా రక్తంలోంచే పెట్టాం! నా బిడ్డలిద్దర్నీ బతికించింది ఇదిగో... ఈ పిల్ల!"

బొనారియా తలవంచుకుంది. ఇన్నాళ్లూ దిగమింగుకున్న ఏడుపు అక్కడే, అందరిముందే, కట్టలు తెంచుకుంది...