శిలువ మీద మోపు

మా ఊరి నుంచి పాపారపట్టి పోయే దారిలో మాదా కోవెల, అంటే చర్చివాళ్ల సమాధుల దొడ్డి. దాని గేటు పక్కన ఒక రాతి శిలువ... ఎన్ని తరాల నాటిదో ఎవరికీ తెలీదు. చీకటి పడ్డాక నెత్తిన బరువుతో అటు వెళితే, వెనకనుంచి ఎవరో "పట్టనా?" అంటారట!

నేనైతే నమ్మను. కానీ చెప్పింది మా సరసత్త. అబద్ధమాడడం చేతకాని మనిషి.

ఎనభైల్లో మాట. అత్తకు ఏడో నెల. రాళ్లు కొట్టే సిద్ధరాజ్ మామకు ఆమె రెండో పెళ్లాం. మొదటామె రాసాత్తి కిరస్తానీల పిల్ల, కడుపుతోనే పోయింది. ఆ దొడ్డిలోనే పూడ్చారు.

మామ రోజూ అన్నం తిని మాయమవుతున్నాడు. ఒకరోజు జేబులో కనకాంబరం పువ్వు దొరికింది. తనకివ్వని పూలు ఎవరి తలలోకి? అత్తకు కడుపు మండిపోయింది.

ఆ రోజు కట్టెలకు పోయి, మామ ఎటు పోతాడో కనిపెట్టాలని చీకటి పడేదాకా ఆగింది. దొడ్డి దగ్గరికి వచ్చేసరికి లోపల లాంతరు వెలుగు... టక్... టక్... అత్త శిలువ చాటున నిలబడింది. మెడ నొప్పి. మోపు దించితే చప్పుడవుతుందని భయం.

"పట్టనా?"

వెనకనుంచి రెండు చేతులు మోపు ఎత్తేశాయి. చల్లటి చేతులు. ఒకటి ఆమె జుట్టు సవరించింది—

మామ మాత్రం ఎదురుగా, ఉలి పట్టుకుని కూర్చుని ఉన్నాడు!

అత్త కెవ్వుమంది. మామ లాంతరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఎవురున్నారు మామా నీతో?"

"ఎవురూ లేరే! రాసాత్తికి సుమైతాంగి రాయి చెక్కుతా ఉండాను."

కడుపుతో పోయినామె పేరున మావాళ్లు నిలబెట్టే రాయి అది. దారిన పోయేవాళ్లు దానిమీద మోపు దించుకుంటే, ఆమె మోస్తున్న కడుపు బరువూ దిగుతుందంటారు.

"ఈ శిలువ ఉండాదిలే, అదే చాలనుకొంటిని. ఇది ఎత్తు, ఎవురికీ అందదు. ఆమె బరువు దిగనే లేదు. నీ కాన్పన్నా బాగా కావాలని... కడుపుతో ఉండేదానికి చెప్పకూడదని దాచినాను."

"మరి పూలు?"

"ఆమెకే. ఇప్పుడే పెట్టినాను, చూడు."

లాంతరు ఎత్తాడు. గేటు లోపలే ఉన్న రాసాత్తి సమాధి మీద పూలు లేవు. కట్టెల మోపు, అత్త తలకు మూరెడు ఎత్తున, శిలువ చేతిమీద పదిలంగా ఉంది.

మామ లాంతరు అత్త వైపు తిప్పాడు.

ఆమె కొప్పులో... కనకాంబరాల మాల.