మడి మెట్ల తలుపు

“మెట్ల కింద ఈ కట్టెలు ఎవరివండీ?”

“వండుకుని తినేవాళ్ళవి.”

తలెత్తి చూశాను. మేడమెట్ల మధ్యలో నిలబడి ఒకమ్మాయి తడిజుట్టు దులుపుకుంటోంది. నాలుగు చినుకులు నా కాగితాల మీద పడ్డాయి. చూసి కూడా ఆగలేదు, పైగా నవ్వింది.

“నిప్పంటుకుంటే పైవాళ్ళు ఎలా దిగుతారనుకున్నారు?”

“మీరున్నారుగా. గంట కొట్టుకుంటూ వచ్చి దింపరూ?”

అలా పరిచయమైంది రత్నకుమారి. పంతొమ్మిది వందల యాభై తొమ్మిది, మాఘమాసం. నేను ఫైర్‌మన్‌గా చేరి రెండేళ్ళయింది. బందరులో ఎక్కువ వాటాలున్న మేడలన్నీ చూసి రిపోర్టు రాయమని మా ఆఫీసరు నన్ను పంపాడు. అది ఎనిమిది వాటాల మేడ. పైన వెనకవాటాలో రత్నకుమారి, వాళ్ళ నాన్న నాగభూషణరావుగారు, బామ్మ లక్ష్మమ్మగారు ఉండేవారు. పైన ముందువాటాలో దయామణి అనే టీచరు ఒక్కతే ఉండేది.

మేడకు ముందు మెట్లు కాక, వెనక నూతి దగ్గరికి ఇంకో వరస మెట్లున్నాయి. మంచిదే అనుకుని పైకి వెళ్ళి చూస్తే, ఉమ్మడి వసారా చివర ఆ మెట్లకు పోయే టేకు తలుపుకి లోపలి నుంచి గుప్పెడంత తాళం.

“ఇది తియ్యాలండీ. పగలూ రాత్రీ తెరిచే ఉండాలి.”

రత్నకుమారి మొహంలో నవ్వు పోయింది. “అవి మా బామ్మ మడి మెట్లు. తడిబట్టతో నీళ్ళు తెచ్చుకునే దారి. ఇంకొకళ్ళు తొక్కితే ఆ పూట ఆవిడ అన్నం ముట్టదు. దయామణి అటు వస్తుందేమోనని తాళంచెవి మొలలో దోపుకుని తిరుగుతుంది.”

“నేను చెప్తాను ఆవిడకి.”

“వద్దండీ. మీరు చెబితే ఇల్లు ఖాళీ చేద్దామంటుంది. ఉగాది వెళ్ళాక నేనే మెల్లగా ఒప్పిస్తాను. తెరిచే ఉందని రాసెయ్యరూ, మీకు పుణ్యముంటుంది.”

నేను రాశాను. వెనక తలుపు తెరిచి ఉన్నది అని, గుండ్రంగా సంతకం పెట్టి మరీ రాశాను. ఇరవై నాలుగేళ్ళ వెధవకి ఒక అందమైన పిల్ల ‘రాసెయ్యరూ’ అంటే ఇంకేం కావాలి?

ఆ తరవాత తనిఖీ వంకతో నాలుగుసార్లు వెళ్ళాను. కట్టెలు తీయించాను. పది రోజులకి మళ్ళీ అక్కడే చేరాయి. చూశాను, ఏమీ అనలేదు.

“ఇన్‌స్పెక్షనుకి వచ్చారా, కాఫీకి వచ్చారా?” అనేది రత్నకుమారి.

“రెంటికీ కాదు.”

“మరి?”

“ఉగాది వెళ్ళనీ, చెప్తాను.”

ఉగాది వెళ్ళింది. ఆమె బామ్మకి చెప్పలేదు. నేను మాత్రం ఆమెకు చెప్పాను. ఆమె సరేనంది. మావాళ్ళు గుడివాడ నుంచి వచ్చి మాట్లాడి వెళ్ళారు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం కింది వాటాలో కిరసనాయిలు స్టవ్ భగ్గుమంది. మంట మెట్ల కింద కట్టెలకు పాకింది. ఆ వేళ పైన ఉన్నది దయామణి ఒక్కతే. నాగభూషణరావుగారు పనిమీద బయటికి వెళ్ళారు, బామ్మా మనవరాలూ పెడనలో చుట్టాల సీమంతానికి వెళ్ళారు. తాళంచెవి కూడా బామ్మ మొలలో పెడన వెళ్ళింది.

మేం వెళ్ళేసరికి మంటల్లో, పొగలో ముందు మెట్లు కనపడటం లేదు. నూతి వైపు నుంచి ఎక్కి గొడ్డలితో ఆ తలుపు పగలగొట్టాను. లోపల దయామణి లేదు. తలుపు లోపలి వైపు నిండా పచ్చడిబండతో కొట్టిన గుంటలున్నాయి. కొట్టి కొట్టి, చేతకాక, వీధి వైపు పిట్టగోడ మీంచి దూకేసిందట. తుంటి విరిగింది. కర్ర లేకుండా ఇక నడవలేదన్నారు డాక్టరుగారు.

మూడోరోజు మా ఆఫీసరు విచారణకు వచ్చి నూతి దగ్గర కుర్చీ వేసుకున్నాడు. చేతిలో నా రిపోర్టు.

“ఏమయ్యా చంద్రమౌళీ, నువ్వు చూసినప్పుడు తలుపు తెరిచే ఉందా?”

లేదంటే ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగం లేనివాడికి పిల్లనెవరిస్తారు? ఒక్క క్షణంలో ఇన్ని లెక్కలు వేశాను.

“తెరిచే ఉందండీ. తాళం వెయ్యొద్దని పెద్దావిడకి చెప్పాను కూడా.”

ఆ రెండో మాట ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

ఆఫీసరు రత్నకుమారి వైపు తిరిగాడు. “అవునా అమ్మా?”

ఆమె నన్ను చూసింది.

“అవునండీ,” అంది.

బామ్మ మూడు రోజులుగా మడి మానేసి, ఆస్పత్రిలో దయామణి మంచం పక్కనే ఉండి, ఆ పిల్లకు తన చేత్తో గంజి తాగిస్తోంది. విచారణకని పిలిస్తే వచ్చింది. నా మాట విని తల పట్టుకుంది.

“చెప్పే ఉంటావు నాయనా. ముసలిదాన్ని, నేనే మర్చిపోయానేమో. ఎంత పాపిష్టిదాన్నమ్మా.”

నేను తేలు కుట్టిన దొంగలా నూతి వైపు తిరిగాను.

అందరూ వెళ్ళాక రత్నకుమారి నా దగ్గరికి వచ్చింది.

“మొదటి అబద్ధం నేనడిగాను. ఆ పాపం నాది. రెండోది ఎవరికోసం చెప్పారు?”

“మనకోసమే. ఉద్యోగం పోతే మీ నాన్నగారు...”

“మా బామ్మ పేరు పెట్టి చెప్పారు.”

“నువ్వూ అవునన్నావుగా.”

“అన్నాను. మీ ఉద్యోగం ఉంచాను. ఇక మనకి బాకీల్లేవు.”

కోపమనుకున్నాను, నాలుగు రోజులు పోతే తగ్గుతుందనుకున్నాను. జ్యేష్ఠంలో నాగభూషణరావుగారు తాంబూలాలకు పిలిచారు. మావాళ్ళు పళ్ళూ చీరా పట్టుకుని వచ్చారు. బామ్మ గోడకు చేరగిలబడి, వచ్చినందుకు నాకు చేతులు జోడించింది.

“ఈ సంబంధం నాకిష్టం లేదు నాన్నా,” అంది రత్నకుమారి, గుమ్మంలో నిలబడి.

“అదేమిటే, నువ్వు కోరుకున్నదేగా.”

“ఇప్పుడు లేదు.”

“కారణమేమిటి?”

ఆమె ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ పొగరంది. నాగభూషణరావుగారు కూతుర్ని అందరిముందూ చెంపమీద కొట్టారు. బామ్మ ఏడుస్తూ, తనవల్ల ఇంటికి పట్టిన అరిష్టమే ఇదంతా అని నా కాళ్ళు పట్టుకోబోయింది.

కారణం ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు. ఆమె చెప్పదని నాకు తెలుసు. నేను లేచి, చెప్పులు వేసుకుని, మావాళ్ళతో పాటు మెట్లు దిగాను.