లండన్ గోడౌన్‌లో పిలుపు

మస్కట్ పక్కన రుసైల్ ఫ్యాక్టరీల వెనక వరసలో చిట్టచివర ఒక గోడౌన్ ఉంది. అరబ్బులు దాన్ని ఏమంటారో గానీ మనవాళ్ళంతా లండన్ గోడౌన్ అనే అంటారు. పొద్దుగూకాక ఒంటరిగా అందులో ఎవరూ అడుగు పెట్టరు.

ఎప్పుడో ఒక చలికాలం మస్కట్‌లో తిరనాళ్ళ లాంటిది పెట్టి, జనానికి లండన్ చూపిస్తామని ఆ ఊరి వింతలన్నీ చెక్కతో, రేకులతో కట్టించారంట. రెండు బురుజుల వంతెన, ఎర్ర ఫోను డబ్బా, నల్ల బొచ్చు టోపీ పెట్టుకున్న సిపాయి బొమ్మ, అన్నింటికంటే ఎత్తుగా పెద్ద గడియారం గోపురం. జనం ఎగబడి ఫొటోలు దిగారు. అంతా అయ్యాక విప్పుకొచ్చి ఇక్కడ పడేశారు. అప్పుడే గోపురం మీంచి ఒక పెయింటర్ జారి పడ్డాడు... మళ్ళీ లేవలేదు.

అప్పట్నించీ గోపురంలో ఎవరో తడతారని పేరు పడిపోయింది.

గోపురం వెనక, మనిషి వంగి దూరేంత తలుపొకటి ఉంది — లోపల బల్బులు మార్చుకోడానికి. అది తెరిచి ఉంటే చాలు, అటుగా పోయేవాళ్ళెవరైనా సరే, లోపలికి చూడకుండా మొహం పక్కకి తిప్పుకుని గడియ పెట్టి పోతారు. లోపలున్నది బయటికి రాకూడదని. ఏ దేశం వాడైనా అంతే.

మణికుమారి కూడా పెట్టేది. నరసాపురం దగ్గర పల్లె ఆవిడది. ఆ కంపెనీలో క్లీనింగ్ పని. మొగుడు సత్యరాజు అదే కంపెనీలో వడ్రంగి. ఇద్దరూ ఒక్క దేశంలో ఉన్నారన్నమాటే గానీ ఆడవాళ్ళ రూములు వేరు, మగవాళ్ళ రూములు వేరు. సెలవు రోజు శుక్రవారం, చర్చి ప్రార్థనలోనే పక్కపక్కన కూర్చునేది. వారమంతా ఆ కాసేపటి కోసమే బతికేవాళ్ళు.

నిరుడు ఆగస్టులో, దూరాన సహం అనే ఊళ్ళో కొత్తగా తెరిచే షాపింగ్ మాల్‌కి ఆ లండన్ కావలసొచ్చింది. మరమ్మతులకి సత్యరాజును వేశారు. ఆ పొద్దున్న కంపెనీ బస్సు దగ్గర కనబడి, ఈరోజు ట్రైలర్‌తో సహం పోతున్నానే, రాత్రికి గానీ రాను అని చెప్పాడు. శుక్రవారం నీలం చీర కట్టుకో అని కూడా చెప్పాడు.

సాయంత్రం మగ్రిబ్ బాంగు అయ్యాక, మణికుమారినీ సుగ్రా బేగంనీ గోడౌన్ ఊడవమని పంపారు. సుగ్రా బేగం హైదరాబాదు మనిషి, ఒకే రూము, మణికంటే పెద్దది; అక్కా అన్నట్టు ఆపా అని పిలుస్తుంది మణి. తెల్లారితే ముదీర్, అదే మేనేజరు, వస్తాడు, రంపప్పొట్టు కనబడకూడదంట.

గేటు దగ్గర వాచ్‌మన్ గౌహర్ హిందీలో వేళాకోళం ఆడాడు. పొద్దున్నించీ మీ లండన్ దెయ్యం ఒకటే తట్టుడు, మోసేవాళ్ళు సామాన్లు వదిలేసి బయటికి పరిగెత్తారు, ఎండ నడినెత్తికి వచ్చేసరికి దానంతటదే ఊరుకుంది అన్నాడు. సుగ్రా బేగం వాణ్ణి తిట్టింది. తిడుతూనే మణి చెయ్యి పట్టుకుంది.

లోపల ఒక్క ట్యూబులైటే వెలుగుతోంది. పొద్దుటి వేడంతా రేకుల్లో అలాగే ఉంది. వంతెన నీడ గోడంతా పరుచుకుంది. సిపాయి బొమ్మ కళ్ళు వీళ్ళ వంకే ఉన్నట్టున్నాయి.

మణికుమారి ముందు గోపురం వెనక్కి చూసింది. గడియ పెట్టే ఉంది.

హమ్మయ్య అనుకుంది.

"జల్ది ఊడ్వు మణెమ్మా," అంది సుగ్రా బేగం గుసగుసగా. "అటు దిక్కు చూడకు."

చీపుళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. సుగ్రా బేగం పొట్టు గోనెలోకి ఎత్తుతోంది. అప్పుడు —

"మణీ..."

పలచగా. గొంతెండిపోయినవాడు పిలిచినట్టు. అచ్చం సత్యరాజు గొంతు.

మణికుమారి చేతిలో చీపురు ఆగిపోయింది. సుగ్రా బేగం వంక చూసింది. ఆవిడ గోనె మూతి కట్టుకుంటోంది, తల కూడా ఎత్తలేదు.

ఆయన సహంలో ఉన్నాడు. ఇక్కడ ఎలా ఉంటాడు?

చిన్నప్పుడు అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. చీకటి పడ్డాక ఎవరు పిలిచినా గభాల్న పలక్కే. అది మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది. ఒకసారి పిలుస్తుంది, రెండోసారి పిలుస్తుంది, మూడోసారి పిలవదు. మూడోసారి కూడా పిలిస్తే మనిషి, అప్పుడు పలుకు. మొదటి పిలుపుకే పలికిన పెదతల్లి జ్వరం తగిలి వారం తిరక్కుండా పోయింది. ఆ శవాన్ని మణి చూసింది.

"మణీ..."

ఈసారి ఆ చిన్న తలుపుకి ఆనుకుని... అవతల్నించి.

ఊఁ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి మింగేసింది. లోలోపల ప్రభువును తలుచుకుంటూ మూడో పిలుపు కోసం నిలబడింది.

ట్యూబులైటు గుయ్యిమంటోంది. చెమట మెడ మీంచి కారుతోంది.

మూడో పిలుపు రాలేదు.

మణికుమారి సుగ్రా బేగం రెక్క పట్టి లాక్కుంటూ బయటపడింది. రూముకొచ్చి సత్యరాజుకి ఫోను చేస్తే మోగింది గానీ ఎత్తలేదు. దారిలో ఉన్నాడు కాబోలు అనుకుంది.

తెల్లారి గోపురం ఎక్కించుకోడానికి, ముందురోజు మొదటి లోడు సహం తీసుకుపోయిన ట్రైలర్ మళ్ళీ వచ్చింది. దాని డ్రైవర్ పోచన్న, నిజామాబాద్ వాడు, మణిని చూసి అన్న ఏడి అని అడిగాడు.

"నిన్న మీతోనే కదన్నా వెళ్ళాడు," అంది.

"నా బండెక్కలేదు చెల్లె. గోపురంల బల్బులు పెట్టేదుంది, నువ్వు పో, ఎనకబండిల వస్త అన్నడు."

ఆ మాట పూర్తి కాకుండానే మణికుమారి పరిగెత్తింది. ఎవరూ ముట్టుకోని ఆ గడియ తనే లాగింది.

సత్యరాజు తలుపుకి ఆనుకునే కూర్చుని ఉన్నాడు. తలుపు తెరుచుకోగానే ఆమె కాళ్ళ మీద ఒరిగిపోయాడు. వేళ్ళ కణుపులు చితికిపోయి ఉన్నాయి.

ఆయన ఫోను బయట పనిముట్ల సంచిలో దొరికింది. గడియ ఎవరు పెట్టారో తేలలేదు. ఎవరైనా పెట్టి ఉండొచ్చు. అందరికీ అలవాటే కదా.

మణికుమారి ఏడవలేదు. రెండుసార్లు పిలిచాడు, నేను పలకలేదు... ఎవరు పలకరించినా అదే మాట. మెతుకు ముట్టలేదు. వాళ్ళ ప్రార్థన గుంపులో ఫేబా అని నర్సు పిల్ల ఉంది. చూడలేక ఒక సాయంత్రం రూముకొచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, డాక్టరుగారే చెప్పారు. అన్న మధ్యాహ్నానికే పోయాడు, ఆ వేడికి. మీరెళ్ళేసరికి అక్కడ పిలవడానికి ఎవరూ లేరు. నువ్వు పలికినా, తలుపు తీసినా ఒకటే. నీ తప్పేం లేదక్కా."

 ఆ రాత్రి మణికుమారి, సుగ్రా బేగం కలిపి పెట్టిన అన్నం నాలుగు ముద్దలు తింది. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

దీపం ఆర్పి పడుకున్నాక మెల్లగా తట్టింది ఆమెకి.

తట్టుడు మధ్యాహ్నానికే ఆగిపోయిందని గౌహర్ అన్నాడు. ఆయన మధ్యాహ్నానికే పోయాడు. మరి చీకటి పడ్డాక... తన పేరు పెట్టి... పిలిచిందెవరు?

 దుప్పటి గడ్డందాకా లాక్కుంది. ఏసీ హోరులో ఏమీ వినబడకూడదని చెవులు మూసుకుంది.

అయినా వినబడింది. తలుపు అవతల్నించి.

"మణీ..."

పక్క మంచం మీద సుగ్రా బేగానికి మెలకువ వచ్చింది. ఆవిడకి ఏ పిలుపూ వినబడలేదు. చీకట్లో మణికుమారి లేచి కూర్చుని జుట్టు ముడేసుకోవడం కనబడింది. ఒంటి మీద నీలం చీర. ఎప్పుడు కట్టుకుందో తెలియదు.

"ఏమైంది మణెమ్మా?"

"ఇది మూడో పిలుపు, ఆపా," అంది మెల్లగా, భయం లేని గొంతుతో. "దెయ్యమైతే మూడోసారి పిలవదు."

తలుపు వైపు తిరిగింది.

"ఆఁ... వస్తన్నా."

ఆ రూము తలుపుకి బయటివైపు గడియ లేదు. ఎప్పుడూ లేదు.

కానీ బయటి నుంచి గడియ తీసిన చప్పుడు... సుగ్రా బేగం కూడా విన్నది.